దగ్గు మారిన మధ్యాహ్నం

ఆ వీధిలో మంగలి షాపతన్ని అందరూ కబుర్లన్న అనేవారు. కత్తెర కంటే నోరే ఎక్కువ ఆడుతుందని పేరు. అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం నోట మాట రాలేదు.

భార్య తన చెల్లెలి కాన్పుకని వెళ్లింది. రెండేళ్ల కూతురిని అతను షాపులోనే పెట్టుకున్నాడు. ముందురోజు నుంచి పిల్లకి ముక్కు కారుతోంది, కాస్త దగ్గు. జలుబేలే అనుకున్నాడు. ఆటో డ్రైవరుకి ముఖమంతా నురుగు పూసి ఒక చెంప గీసేసరికి, బెంచీ మీద పడుకున్న చిన్నది లేచి దగ్గింది. ఖంగుఖంగుమంటూ, అచ్చం కుక్క మొరిగినట్టు.

"ఏంటన్నా, షాపులో కుక్కపిల్లని పెంచుతున్నావా?" అని నవ్వాడు డ్రైవరు.

అతనూ నవ్వాడు. పిల్ల ఏడుపు అందుకుంది. గొంతు బొంగురుపోయింది. గాలి పీల్చినప్పుడల్లా కీచుమని చప్పుడు. ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

"దగ్గుమందు పొయ్యన్నా. మావాడికి అదే పోస్తాం, మత్తుగా పడుకుంటాడు."

అద్దం కింద తన దగ్గుమందు సీసా ఉంది. మూత తీశాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు. భార్యకి ఫోన్ చేశాడు.

"మందూ గిందూ వద్దు!" అందామె. "ముందు దాన్ని ఎత్తుకో, ఏడవనివ్వకు. గౌను ఎత్తి చూడు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయా?"

చూశాడు. పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది.

"పోతున్నాయే..."

"అయితే ఆస్పత్రికి పరిగెత్తు!"

డ్రైవరు మెడలో గుడ్డతో, ఒక చెంప మీద నురుగుతో అలాగే ఆటో ఎక్కాడు. దారిలో జనం వింతగా చూశారు. వెనక కూర్చున్న కబుర్లన్నకి అదేం పట్టలేదు. కూతుర్ని గుండెలకి ఆనించుకుని ఆ కీచు చప్పుడే వింటున్నాడు. అది వినిపిస్తే భయం, ఒక్క క్షణం ఆగితే ప్రాణం పోయినట్టుండేది.

డాక్టరమ్మ చూడగానే లోపలికి రమ్మంది. "పడుకోబెట్టకండి, మీ ఒళ్లోనే ఉంచుకోండి. ఏడ్చే కొద్దీ ఊపిరి కష్టమవుతుంది. ఏదో ఒకటి చెబుతూ ఉండండి."

నర్సు పిల్ల చేత కొంచెం మందు తాగించి, ఆవిరిలా మందు వచ్చే మాస్కు ముఖం దగ్గర పెట్టింది. పిల్ల తోసేసింది. అతనికి గొంతు పెగల్లేదు. చివరికి, "అనగనగా ఒక దువ్వెనకి పళ్లన్నీ ఊడిపోయాయంట..." అని మొదలుపెట్టాడు. అర్థం పర్థం లేని కథ. పిల్ల వింటూ తోయడం మానేసింది. మెల్లగా కీచు చప్పుడు సన్నబడింది.

"జలుబే. కానీ చిన్నపిల్లల శ్వాసనాళం సన్నం కదా, వాచేసరికి గాలికి దారి ఇరుకైంది," అంది డాక్టరమ్మ. అతను దగ్గుమందు సంగతి చెబితే, "అది పోసి మత్తుగా పడుకోబెట్టి ఉంటే ఈ ఆయాసం మీకు తెలిసేదే కాదు. ఆవిరి మందు పని అయిపోయాక ఆయాసం మళ్లీ రావచ్చు, సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి."

ఆయాసం మళ్లీ రాలేదు. పొద్దు వాలుతుండగా భార్య పరుగున వచ్చింది. కూతుర్ని అందుకుని ఛాతీ మీద అరచెయ్యి ఆనించి అలా నిలబడిపోయింది. అతను వరండాలోకి వెళ్లి, గోడకి ఆనుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.