డాక్టరమ్మ తలుపు వేయించలేదు

టైరు కాలిన వాసన ఎక్కడ తగిలినా నాకు ఊపిరి సలపదు. మొన్న ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ వాసన రాగానే, తెలంగాణ ఉద్యమం నాటి దసరా ముందటి రోజులు ఒక్కసారిగా చుట్టుముట్టాయి.

అప్పుడు నాకు ఐదేళ్ళు. కొత్తపేటలో దుకాణాల వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంట్లో దంచిన నువ్వుల సత్తు నోట్లో ఇంకా కరుగుతుండగానే, అమ్మ కొంగు పట్టుకొని, తంగేడు, గునుగు, బంతి పూలు కుప్పలు పోసిన దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీదికి బతుకమ్మ పూలకోసం వెళ్ళాను. జై తెలంగాణ అంటూ ఊరేగింపు వస్తే నేనూ గొంతు కలిపాను. అంతలోనే టైర్ల పొగ, లాఠీలు, కళ్ళు మండించే గ్యాసు, జనం పరుగు. అమ్మ కొంగు చేజారింది. ఎవరో పెద్దాయన నన్ను ఎత్తుకొని తన షాపులోకి పరుగెత్తి షట్టర్ దించేశాడు. కాపాడటానికే. కానీ ఆ చీకట్లో నాకు వినిపించింది షట్టర్ మీద బాదుతూ అమ్మ పెడుతున్న కేకలే.

ఆ తర్వాత నాకు మాట పోయింది. రోజూ దుకాణాలు మూసే చప్పుడుకు మంచం కింద దూరేదాన్ని, పక్క తడిపేదాన్ని. నాయనమ్మ దిష్టి తీసింది. మొదట చూపించిన దవాఖానలో టానిక్కు రాసిచ్చారు. చివరికి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. నర్సు గది తలుపు మూయబోతే నేను అమ్మ కొంగు పట్టుకొని బయటికి లాగాను.

"వేయకమ్మా. పాప చెప్పినప్పుడే వేద్దాం," అంది డాక్టరమ్మ.

కుర్చీ వదిలి నా పక్కన నేలమీద కూర్చుంది. స్టెతస్కోపు నా చెవులకు పెట్టి నా గుండెను నాకే వినిపించింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మరి మీకు నిద్ర పడుతోందా అండీ?" అని అడిగింది.

"నాకేమైంది మేడం, పిల్లనే..." అంటూనే అమ్మ ఏడ్చేసింది.

"మీ భయం కూడా తగ్గాలండీ. మాట్లాడమని పాపని బలవంతం చేయకండి. షట్టర్లు దించే వేళకి పక్కన కూర్చుని, చప్పుడొస్తుందని ముందే చెప్పండి."

అమ్మ అట్లాగే చేసింది. "బిడ్డా, గిప్పుడు చప్పుడొస్తది. నేనీడనే ఉన్న," అనేది. ఆ చలికాలమంతా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. ఒకరోజు వరండాలో పిల్లలు గోల చేస్తుంటే, నేనే "ముయ్యి" అన్నాను. ఆమె లేచి, నెమ్మదిగా తలుపు దగ్గరికి వేసింది.

ఇప్పుడా ఆసుపత్రి లేదు. డాక్టరమ్మ ఎక్కడుందో తెలియదు. మొన్న అమ్మా నేనూ వెతికినా, మెట్రో స్తంభాల మధ్య ఆ చోటు ఏదో పోల్చుకోలేకపోయాం.

"గామె నన్ను గూడ అడిగింది. ఇంట్ల ఎవ్వలడగలే," అంది అమ్మ.

అంతలో ఎదురుగా ఏదో ఊరేగింపు డప్పులు వినిపించాయి. ఇద్దరం ఒకేసారి పక్క సందులోకి మళ్ళాం.