రాళ్లగోడలో తెప్పల దారి

ఉప్పాడలో మా ప్రార్థన మందిరం ఒడ్డునే ఉంది. చేపల వేట విరామం ముగిసిన రోజున తెప్పలన్నీ దాని ముందు నుంచే నీళ్లలోకి దిగాలన్నది మా క్రైస్తవ సంఘం ఆనవాయితీ. పాస్టరుగా నేను ఒక్కో తెప్ప మీద చెయ్యి ఉంచి ప్రార్థించేవాణ్ణి. అందుకోసమే మందిరాన్ని ఇసుకలో అంత ముందుకు కట్టుకున్నాం. అప్పట్లో సముద్రం దూరంగా ఉండేది.

సముద్రపు కోత పెరిగాక ఊరివాళ్లు తీర రక్షణ కమిటీ పెట్టుకున్నారు. వేటగాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు, నేతవాళ్లు, ఒక ఇంజనీరు, సంఘం తరఫున నేను. మందిరంలోనే కూర్చునేవాళ్లం. దేవుడు అందరినీ ఒక్కచోటికి చేర్చాడని మొదట్లో పొంగిపోయాను.

ఇళ్లు నిలవాలంటే ఒడ్డు పొడవునా బండరాళ్లు వెయ్యాలన్నారు ఇంజనీరు.

“మరి తెప్పలెలా లాగుతామండీ? నెత్తిన పెట్టుకుని రాళ్లెక్కుతామా?” అంది చేపలమ్మే పెద్దావిడ.

“ఒకచోట దారి వదులుదామండి. కానీ అందులోంచి కెరటం లోపలికొస్తుంది. వెనకున్నది నిలవదు,” అన్నారాయన.

తెప్ప లాగడానికి వీలైన వాలు రెండుచోట్లే ఉంది. ఒకటి మందిరం ముందు, రెండోది నేతవాళ్ల ఇళ్ల ముందు.

గుమ్మం దగ్గర కూర్చున్న నేతాయన మెల్లగా అన్నాడు: “మా మగ్గం గుంటల్లో ఇప్పటికే ఉప్పునీరు ఊరుతోందండి.” వాళ్లు మా సంఘంవాళ్లు కారు. మందిరంలో అడుగు పెట్టింది కమిటీ కోసమే.

“అయ్యగారు ఎలాగంటే అలాగే,” అన్నాడు వేటగాళ్ల పెద్ద. మిగతావాళ్లు తలలూపారు.

“బాగుంది! అయ్యగారి మీదకి తోసేసి కూర్చోండి, మగాళ్లు!” అంది పెద్దావిడ.

సంఘంలో నా మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఇన్నేళ్లూ అది దేవుడిచ్చిన గౌరవమనుకున్నాను. ఆ రోజు మాత్రం అదే బరువైంది. నేను మందిరం వైపు మొగ్గితే పొరుగువారి ఇళ్లు పోతాయి. ఇళ్ల వైపు మొగ్గితే, జనం కూలి మానుకుని కట్టుకున్న మందిరాన్ని నా నోటితో నేనే ఇచ్చేసినట్టు.

“ప్రార్థించి చెబుతాను,” అన్నాను.

“అందాకా కెరటం ఆగుద్దాండీ?” అంది పెద్దావిడ.

కళ్లు మూసుకున్నాను. సముద్రానికి హద్దు పెట్టినవాడు దేవుడేనని ఎన్నిసార్లు బోధించానో! ఇప్పుడు ఆ హద్దు నన్ను చెప్పమంటున్నారు.

“దారి ఇక్కడే, మందిరం ముందే వదలండి,” అన్నాను.

నా ప్రతి మాటకూ ఆమెన్ అనే నోళ్లలో ఒక్కటీ తెరుచుకోలేదు. నేతాయన చేతులు జోడించి లేచి వెళ్లిపోయాడు.

రాళ్లు ఇంకా రాలేదు. మందిరానికి వేరే స్థలమూ దొరకలేదు. ఆదివారం ఆదివారం, పోతాయని తెలిసిన గోడల మధ్యే నిలబడి వాక్యం చెబుతున్నాను.