మైకులో నా గొంతు

దయ్యాలంటే నాకు భయం లేదు, గౌరవం అంతకన్నా లేదు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, బెజవాడ లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. దయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే వాదించి నోరు మూయించేవాణ్ణి. అందుకే ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్బైల్లో కంకిపాడు దగ్గర ఒక టూరింగ్ టాకీసులో నాకో పని ఉండేది. ఇంగ్లీషు సినిమా వస్తే, నేలక్లాసు వాళ్లకు అర్థమయ్యేలా మైకులో తెలుగులో కథ చెప్పాలి. తెర పక్కన తడిక చాటున కూర్చునేవాణ్ణి. నా గొంతు వినపడటమే గాని మొహం ఎవరికీ కనపడేది కాదు. ఆ మైకంటే నాకు ప్రాణం. నేను చదివినవన్నీ వినేవాళ్లు అక్కడే దొరికారు.

ఆ వారం కుంగ్‌ఫూ సినిమా. హీరోయే డైరెక్టరు కూడా. అప్పటికే ఆయన చనిపోయాడు. చివర్లో ఒక పాత రోమన్ రాతి కట్టడంలో పోరాటం. ఓడినవాడు చచ్చిపోతే, హీరో వాడి చొక్కా తెచ్చి వాడి మీదే కప్పుతాడు. అక్కడ నేను ఆ కట్టడం చరిత్ర చెప్పేవాణ్ణి, లైబ్రరీలో వెతికి మరీ.

ఒక సాయంత్రం టాకీసుకు వస్తుంటే పెనమలూరు దగ్గర బస్సు చెడిపోయింది. ఇంకోసారి ఎగ్గొడితే మైకు వేరేవాడికిస్తానని ఓనరుగారు అప్పటికే హెచ్చరించారు. పడుతూ లేస్తూ చేరేసరికి మొదటాట వదిలారు.

ఓనరుగారు ఎదురొచ్చి భుజం తట్టారు.

“భలే చెప్పావయ్యా పంతులూ! ఇన్నాళ్లూ పాఠాలు చెప్పి జోకొట్టావు. ఇవాళ కదా కథ చెప్పావు!”

వెటకారమనుకున్నాను. “బస్సు చెడిపోయి ఇప్పుడే నడిచొస్తున్నానండీ.”

“మరి మైకులో మాట్లాడిందెవరు, మీ తాతా?”

ఆపరేటరూ అంతే, సోడాలమ్మే ఆయనా అంతే. తడిక వెనక నన్ను చూశారా అంటే, చూడ్డమెందుకు, గొంతు నీదే కదా అన్నారు. పోయిన హీరోయే వచ్చి చెప్పాడేమో అన్నాడొకాయన. మరి ఆయనకు కృష్ణాజిల్లా తెలుగు ఎప్పుడొచ్చిందయ్యా అన్నాను. అన్నిటికన్నా నాకు మండింది, ఆ గొంతు నాకన్నా బాగా చెప్పిందనడం.

మర్నాడు నేను చెబుతుంటే నేలక్లాసులో ఒకటే అరుపులు: “నిన్నట్లా చెప్పవయ్యా!”

ఆట వదిలాక మరియమ్మగారిని ఆపాను. పొలం పని నుంచి నేరుగా సినిమాకి వచ్చే పెద్దావిడ. నిన్న మైకులో ఏం విన్నారండీ అని అడిగాను.

“అప్పుడే మర్చిపోయావా అబ్బాయ్? ఆ చొక్కా కప్పేకాడ, ‘నిండా కప్పరా నాయనా, వాడికి చలెక్కువ’ అన్నావుగా, కన్నతల్లి అన్నట్టు. ఒక్కరి కళ్లలో తడి ఆరితే ఒట్టు.”



అది మా అమ్మ మాట. మా తమ్ముడు చిన్నప్పుడే కాలవలో పడి చనిపోయాడు. ఒడ్డున పడుకోబెట్టి నా చొక్కా విప్పి కప్పుతుంటే, అమ్మ నాతో మెల్లగా అన్న మాట. ఆమె పోయేవరకు మళ్లీ దాన్ని ఎత్తలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఓనరుగారు మాత్రం పట్టుబట్టారు. “జనం దానికే వస్తున్నారు. ఆ మాట రోజూ చెప్పు, లేదా మైకు వదిలెయ్.”

వదిలేశాను.

ఎవరో నా గొంతు అనుకరించారందామంటే, ఆ మాట వాళ్లకెలా తెలిసింది? టేపు అందామంటే, నేనెప్పుడూ అనందే! అందరూ భ్రమపడ్డారందామంటే, అందరికీ మా అమ్మ మాటే ఎందుకు వినపడింది? చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. భయం మాత్రం ఇప్పటికీ లేదు, కోపమే. తడిక వెనక కూర్చున్నది ఎవరైనా సరే, నా గొంతు వాడుకుంటే వాడుకున్నారు. నేనే పైకి అనలేని మాటను ఎవర్నడిగి అన్నారు?