సాలిమ్ తాత కొమ్ము

శుక్రవారం పొద్దున ఆరింటికి, మేం పనిచేసే ఈ అరబ్బుల పట్నం రువీలో బయల్దేరాం. మా ఆసుపత్రి డ్రైవరు ఖాదరన్నది కడప. ఇబ్రాలో ఉన్న బావమరిదిని చూడ్డానికి వెళ్తూ నన్నూ పికప్‌లో ఎక్కించుకున్నాడు. నాకక్కడ పని ఒక్కటే. సాలిమ్ తాత కొమ్ము ఊదగలడో లేదో చూడాలి.

నెల కిందట గాడిద తన్ని ఆయన పైపెదవి నడిమికి చీలింది. డాక్టరు కుట్లు వేశారు, నర్సుగా నేను పక్కన నిలబడ్డాను. కుట్లు తీసిన రోజు తాత పిడికిలి నోటికి ఆనించి, బుగ్గలు పూరించి, ఊదగలనా అన్నట్టు చూశాడు. వాళ్ళ ఊళ్ళో కత్తుల ఆటకు కొమ్ము ఊదేది ఆయనే. డాక్టరు "చెప్పలేను" అన్నారు. "అయితే మనవడి పెళ్ళికి వచ్చి చూడండి" అన్నాడు తాత. డాక్టరుకు డ్యూటీ పడింది, నాకు సెలవు.

దారిలో ఇబ్రా బడి మాస్టారు ఎక్కారు. ఇరాక్ ఆయన. తారు అయిపోయి దుమ్ము మొదలైన చోట నేనెక్కడికి వెళ్తున్నానో ఇంగ్లీషులో అడిగారు. చెప్పాను.

"ఇక్కడ దాన్ని బర్గూమ్ అంటారు. పాత అరబ్బీ పుస్తకాల్లో బూరకు షబ్బూర్ అని ఇంకో మాట ఉంది. అరామిక్ నుంచి తెచ్చుకున్నది. మా నానమ్మది ఆ భాషే. షిపోరా అనేది."

ఆ పేర్లన్నీ లోలోపల పలికి చూసుకున్నాను. సంగతి విని ఖాదరన్న నవ్వాడు. "మాట ఏ దేశందైతే ఏముందిలే సిస్టరమ్మా, ముసలాయన మూతి పలకాల గాని!"

మాస్టారు బడి దగ్గర దిగిపోయారు. పెళ్ళివారింట అన్నం, మాంసం, ఖర్జూరాలు, చేదు కాఫీ. ఎండ తగ్గాక మగవాళ్ళు కత్తులు భుజాన వేసుకుని ఎదురెదురుగా రెండు వరుసలు కట్టారు. కొమ్ము పలికితేనే వరుసలు కదలాలట. నేను ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను.

పొడవైన కొమ్ము. కొన మూసే ఉంది, ఊదే రంధ్రం కొమ్ముకు పక్కవైపున ఉంది. తాత దాన్ని అడ్డంగా పట్టి పెదవుల నడుమ ఆనించాడు. ఉత్త గాలి. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. నేను మాత్రం కాళ్ళ దగ్గరి ఇసుక చూస్తున్నాను.

బొంగురుగా, పొట్టిగా ఒక కూత వినబడి తలెత్తాను. తాత కొమ్మును నోటి ఎడమ మూలకు జరిపాడు, కుట్లు లేని వైపుకు. రెండో కూత పొడుగ్గా వచ్చింది. డోళ్ళు మోగాయి. వరుసలు కదిలాయి.

చీకటి పడకముందే తిరిగి బయల్దేరాం. ఇబ్రా వెళ్ళేవాళ్ళు నీళ్ళు ఎక్కువగా పెట్టుకోండి, దుమ్ముకు తలగుడ్డ తప్పదు. ఊరు చిన్నది, తీరిక పెద్దది. బండి కదిలే ముందు తాత కిటికీలోంచి ఖర్జూరాల బుట్ట అందించి ఏదో అన్నాడు.

"డాక్టరుకు చెప్పమంటుండాడు," అన్నాడు ఖాదరన్న. "పలుకుతాదంట. మూతి పక్క నుంచి."

ఇన్నాళ్ళలో డాక్టరు అడగనిదే నేను నోరు విప్పింది లేదు. ఈసారి ఆయన అడక్కముందే చెప్పాలని, రువీ దీపాలు కనబడేదాకా తాత చెప్పిన ఆ రెండు మాటలూ ఇంగ్లీషులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.