ఓబులేసు గొంతు

కడప బస్టాండు ముందు ఆటో ఓబులేసు "దర్గా, దర్గా!" అని కేకేస్తే రోడ్డు అవతలివాళ్లు కూడా తిరిగి చూస్తారు. ఇంట్లో ఉప్పడిగినా అదే గొంతు. అలాంటివాడు కుక్కల షెల్టరులో రాగి అనే పిరికి కుక్కను మచ్చిక చేసుకోవాలని నాలుగు ఆదివారాలు నోరు మెదపకుండా, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఈ ఉదయం అక్కడ పనిచేసే ఆస్మా, "ఇంక ఇంటికి పిల్చుకపో అన్నా, చప్పుడొకటే దానికి పడదు" అని గేటు తీసింది. రాగి తనంతట తానే వచ్చి ఆటో ఎక్కింది! ఓబులేసు కేక పెట్టబోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని గంతులేశాడు. ఆటో స్టార్టు చేయబోయి కూడా ఆగి, హ్యాండిలు పట్టుకుని ఇంటిదాకా తోసుకుంటూ బయలుదేరాడు. "ఏమప్పా, డీజిలు అయిపాయనా?" అని దారిలో తోటి ఆటోవాడు అరిచాడు. ఓబులేసు ఏదో అన్నాడు. వినబడక అతను దిగి, దగ్గరికొచ్చి చెవి ఒగ్గాడు.

"మెల్లిగా మాట్లాడప్పా, లోపల మా పాప కూచోనుండాది."