ఎడమ చెంప వైపు కందిలి

నిన్న సాయంత్రం మా మనవరాలు గది తలుపు వేసుకుని కూర్చుంది. మర్నాడు కాలేజీలో ఉపన్యాసాల పోటీ. నెల నుంచీ ఇల్లంతా తిరుగుతూ కంఠతా పట్టిన పిల్ల, తీరా ఆ రోజు దగ్గరపడేసరికి పోనంటుంది. కారణమేమిటయ్యా అంటే, గడ్డం మీద కొత్తగా లేచిన మొటిమలు. "మైకు ముందు నిలబడితే నా మాట ఎవరు వింటారు అమ్మమ్మా, అందరూ నా మొహమే చూస్తారు" అని ఒకటే ఏడుపు. లోపలికి వెళ్లి చూద్దును కదా, బల్ల మీద మందుల దుకాణం తెరిచి ఉంది. ట్యూబులు, సీసాలు, ముల్తానీ మట్టి, కోసిన కలబంద ముక్క. ఫోనులో ఒకావిడ పాలు మానమన్నదట, ఇంకొకావిడ చక్కెర మానమన్నదట, మరొకావిడ దిండు గలీబు రోజూ మార్చమన్నదట. ఈ పిల్ల అన్నీ చేస్తోంది. నాకు నవ్వాగలేదు. అది మూతి ముడుచుకుంది. నేను నవ్వింది దాన్ని చూసి కాదు. తొంభైకి దగ్గరపడ్డ నా మొహం మీద ఇప్పుడు ముడతలకే చోటు చాలడం లేదు గాని, ఒకప్పుడు ఈ మొహం గురించి సూర్యాపేటలో, మిర్యాలగూడలో, కోదాడలో పంచాయితీలు నడిచాయి.

అప్పటికి నిజాం పాలన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. నాకు పధ్నాలుగో ఏడు. మా నాయన సూర్యాపేట తహశీల్ కచేరీలో గుమాస్తా. అంతవరకూ బడిలో చదువంతా ఉర్దూలోనే. ఇంట్లో మాట్లాడేదొకటి, బడిలో అప్పజెప్పేదొకటి. ఇకముందు చదువు తెలుగులోనే అన్నారు. మా నాయన ఎక్కడినుంచో పై తరగతి తెలుగు పుస్తకాలు ముందుగానే సంపాదించి తెచ్చాడు. లెక్కలు, భూగోళం కూడా మేము ఇంట్లో మాట్లాడుకునే భాషలో ఉండటం చూసి నాకు పిచ్చి సంతోషం పుట్టింది. లాంతరును మా వైపు కందిలి అంటాం. దీపాలు పెట్టే వేళకు కందిలిని ఎడమ పక్కకు లాక్కుని కూర్చున్నానంటే, అన్నానికి పిలిచేదాకా లేచేదాన్ని కాదు. కుడి పక్క పెట్టుకుంటే రాసే చేతి నీడ కాగితం మీద పడుతుంది, అందుకని ఎడమ పక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే నా మొహం మీద మొటిమలు లేచాయి. ఒకటీ అరా కాదు, జొన్నలు చల్లినట్టు. అందులోనూ ఎడమ చెంప మీద ఎక్కువ.

ఆ ఎడమే నా కొంప ముంచింది. మా ఇంట్లో పెద్ద దిక్కు నాయనమ్మ. ఆమె ఒకరోజు నా గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి, కందిలిని చూసి, మళ్లీ నన్ను చూసి తీర్పు చెప్పేసింది. "ఎడమ దిక్కు కందిలి, ఎడమ చెంపకే మొటిమలు. ఇంకేం గావాలె? ఉడుకు తగిలి పోరి మొఖం ఉడికిపోతున్నది." ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పైగా వినడానికి సబబుగానే ఉండె. నేను కూడా నాలుగు రోజులు నమ్మాను.

ఇక వైద్యం మొదలైంది. పొద్దున లేవగానే నాయనమ్మ గంధం సాన మీద శంఖం అరగదీసి మొహానికి పట్టించేది. అది ఎండి బిగుసుకున్నాక నవ్వితే పెళ్లలు రాలేవి, అందుకని బడికి పోయే వేళదాకా నేను మూగదాన్ని. స్నానానికి వేపాకు వేసి కాచిన నీళ్లు. వేడి దిగాలని నడినెత్తిన ఆముదం, అది నుదుటి మీదుగా కారి కనుబొమలదాకా వచ్చేది. ఈ కాలం డాక్టర్లు ఆ ఆముదాన్నే తప్పుపడతారేమో, నాకు తెలియదు. పల్లీలు బంద్, బెల్లం బంద్, ఆవకాయ అయితే నా వైపు చూడను కూడా వీల్లేదు. పాలు పోసే ఆమె వచ్చి పచ్చిపాల నురుగు రాయమంటే అదీ రాశారు, ఈగలు ముసిరితే మానేశారు. అన్నిటికన్నా నన్ను బాధ పెట్టింది అద్దం. మొటిమలను చూసి లెక్కపెడితే పెరుగుతాయని నాయనమ్మ నమ్మకం. గోడకున్న అద్దాన్ని వెనక్కి తిప్పి మేకుకు తగిలించింది. మా నాయన ఆ కాలమంతా అద్దం వెనకున్న చెక్కను చూసుకుంటూ తల దువ్వుకుని కచేరీకి పోయాడు.

ఎన్ని పూసినా మొటిమలు తగ్గలేదు. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. "పుస్తకం బంద్ జెయ్యాలె. మొఖం సాఫయినంక బడి సంగతి సూద్దాం" అంది నాయనమ్మ. ఆ రోజుల్లో ఆడపిల్ల బడి ఒకసారి మానిందంటే మళ్లీ పోవడమనేది ఉండేది కాదు. నాతో చదివిన పిల్లలు ఒక్కొక్కరే అట్లా ఏదో ఒక వంకతో ఇంట్లో కూర్చున్నారు, ఒకామెకు తమ్ముడు పుట్టాడని, ఇంకొకామెకు బడి దూరమని. నాకు మొటిమలు వంకయ్యాయి. ఆ రోజు నేను అన్నం తినకుండా గోడకు తిరిగి పడుకున్నాను. మా అమ్మ తట్టి లేపి, కంచం పక్కన పెట్టి పోయింది.

మా నాయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాడు. కానీ ఉపాయం గలవాడు. మిర్యాలగూడలో ఆయనకు తెలిసిన హకీం సాబ్ ఉన్నాడు, యునానీ వైద్యుడు. నాయనమ్మ కీళ్ల నొప్పులకు ఆయన మందే వాడేది, ఆయనంటే గురి. ఆయన చేత చదువుకూ మొటిమలకూ సంబంధం లేదనిపిస్తే చాలు కదా అని నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఆ బస్సు బొగ్గుతో నడిచేది. మేము దిగేసరికి మా ఇద్దరి మొహాలూ ఒకే రంగులోకి వచ్చాయి, నా మొటిమలు ముందు కనపడనే లేదు. హకీం సాబ్ నన్ను మొహం కడుక్కుని రమ్మని, నాడి పట్టి, నాలుక చూసి, ఇది ఉడుకుతో వచ్చే గర్మీ కాదు, నెత్తురు సాఫ్ కావాలని చెప్పి నేలవేము కషాయం రాశాడు. వంకాయ తినొద్దన్నాడు. మా నాయన గొంతు సవరించుకుని కందిలి సంగతి అడిగాడు. హకీం సాబ్ తెల్లటి గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "నీ ఈడుల నాగ్గూడ మొఖమంత గిట్లనే ఉండె బేటీ. గీ గడ్డం ఎందుకు పెంచిన్ననుకున్నవ్? మచ్చలు కనవడకుండ. సదువు మాత్రం ఇడ్వలే. నువ్వు గూడ ఇడ్వకు."

ఆ మాట మూట గట్టుకుని మా నాయన ఇంటికి ఎంత హుషారుగా వచ్చాడో చెప్పలేను. వాకిట్లోనే నిలబడి తల్లికి అంతా వర్ణించి చెప్పాడు. నాయనమ్మ శ్రద్ధగా విని, "మరి ఆయన సిన్నప్పుడు దీపం కాడ్నే సదివిండా?" అని అడిగింది. సదివిండన్నాడు మా నాయన. "మొఖమంత మొటిమలొచ్చినయా?" వచ్చినయన్నాడు. "ఇగ నేనేం జెప్తున్న?" అని ఆమె లోపలికి పోయింది. మా నాయన చెప్పులు విడవడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.

ఆ ఎండాకాలం నన్ను కోదాడలో మా మేనత్త ఇంటికి పంపించారు. పుస్తకం చూడనివ్వకుండా, కందిలి దగ్గరికి పోనివ్వకుండా, మామిడిపండు ముట్టనివ్వకుండా బడి తెరిచేదాకా కాపలా కాయమని నాయనమ్మ కూతురికి గట్టిగా చెప్పింది. మేనత్త ఆంధ్ర పొలిమేరలో ఉన్న కోదాడకు కోడలై చాలా ఏళ్లు కావడంతో మాట ఆంధ్ర వైపు ఒరిగింది, వైద్యం కూడా ఒరిగింది. "వేడీ లేదు, పాడూ లేదు. నీకు దిష్టి తగిలిందే పిల్లా" అని మొదటి రోజే మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ తరువాత జాజికాయ పాలతో అరగదీసి పూసేది. నమ్మకం లేకపోయినా తల్లి మాట మాత్రం తప్పలేదు. ఉప్పూ పప్పూ కట్టుకొచ్చిన కాగితాలు కూడా నా కంట పడకుండా దాచేది. దీపం పెట్టగానే నన్ను ఆరుబయట మంచం మీదికి తోలేది. ఇంటినిండా మామిడి రసాల వాసన, పిల్లలందరూ మోచేతులదాకా కార్చుకుంటూ తింటుంటే నేను నోరు కట్టుకుని జాజికాయ మొహంతో కూర్చునేదాన్ని. అంత కష్టం ఎందుకు పడ్డానంటే, మొహం బాగైతే బడికి పంపుతారేమోనన్న ఆశ.

మేనత్త ఇంట్లో అద్దం ఉండేది. ఒక పొద్దున అందులో చూసుకుంటే కుడి చెంప మీద కొత్తగా మొటిమలు. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నదాన్ని ఒక్కసారి ఆగిపోయాను. కందిలి లేదు. పుస్తకం లేదు. మరి ఇవెక్కడివి? ఆ రోజు నుంచీ నా తీరు మారిపోయింది. లేవగానే అద్దం దగ్గరికి పరుగెత్తేదాన్ని. కొత్త మొటిమ కనపడితే పండగే. ఒకవేళ తగ్గినట్టు అనిపిస్తే బెంగ. మొటిమలు రావాలని దేవుడికి మొక్కుకున్న ఆడపిల్ల ఈ మూడు ఊళ్లలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మేనత్త పూసిన జాజికాయను చాటుగా కడిగేసిన రోజులూ ఉన్నాయి. దేవుడు విన్నాడు. బడి తెరిచే నాటికి కుడి చెంపా ఎడమ చెంపా ఒక్కటైపోయాయి.

మేనత్తే స్వయంగా నన్ను సూర్యాపేట తీసుకొచ్చింది. నాయనమ్మ వాకిట్లోనే నా గడ్డం పట్టుకుని ఎండకేసి తిప్పింది. చాలాసేపు చూసింది. "పుస్తకం వట్టిందా?" అని కూతుర్ని అడిగింది. "కాగితం ముక్క కూడా చూడనివ్వలేదమ్మా." "కందిలి?" "ఆ గదిలోకే రానివ్వలేదు." "మామిడిపండు?" "పాపం, టెంక కూడా నాకలేదు" అంటూ మేనత్త కళ్లు తుడుచుకుంది. మా నాయన ఏమీ ఎరగనట్టు చూరు వైపు చూస్తున్నాడు. నాయనమ్మకు పంతం ఎక్కువే గాని, కళ్లెదుట ఉన్నదాన్ని కాదనే గుణం లేదు. నన్ను వదిలేసి, "అయితె కందిలి తప్పు లేదన్నట్టు" అంది. ఆ మాటకు నేను వాకిట్లోనే ఎగిరి గంతేశాను.

ఆ సాయంత్రం నాయనమ్మే కందిలి తెచ్చింది. మసిబారిన గాజును ముగ్గుపిండితో తళతళలాడేలా తుడిచి వెలిగించి నా ముందు పెట్టింది. పెట్టడం మాత్రం కుడి పక్కన పెట్టింది. "ఎందుకైనా మంచిది, జర గా ఎడమ చెంపను సల్లవడనియ్యి" అంది. చేతి నీడ కాగితం మీద పడుతున్నా నేను కిక్కురుమనలేదు. పక్కనే సాన ముందేసుకుని శంఖం అరగదీస్తూ, అందుల ఏం రాసిన్రో సదువమంది. మూసీ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కృష్ణలో కలుస్తుందో చదివాను. "గిది నాకెరుకే. గిదేనా గింత సేపు సదివేది?" అని తీసిపారేసింది. సాన పక్కకు జరిపి నా నెత్తిమీద చెయ్యి వేసింది. "మొఖం సంగతి నేను సూసుకుంట బిడ్డా. నువ్వు సదువు సంగతి సూసుకో." అరవై ఏళ్లు దాటే దాకా పిల్లలకు పాఠాలు చెప్పాను, అప్పజెప్పించుకున్నాను. ఇంత ధైర్యమిచ్చిన మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు.

నిన్న ఇదంతా విని మా మనవరాలు నవ్వింది, తరువాత నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. ఆ మాటే నేనూ దాని నెత్తిమీద చెయ్యి వేసి అన్నాను. ఈ పొద్దున ఏ పూతా లేకుండా మొహం కడుక్కుని, మొటిమలతోనే పోటీకి బయల్దేరింది. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "ఇంతకీ నీ మొటిమలు ఎప్పుడు పోయాయి అమ్మమ్మా?" అని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. శంఖం వల్ల పోయాయో, నేలవేము చేదు వల్ల పోయాయో, ఊరికే ఈడు గడిచి పోయాయో కూడా తెలియదు. మూడు ఊళ్లను తిప్పిన ఆ మొటిమలను కాలం ఏ పొద్దున తీసుకుపోయిందో ఇంట్లో ఎవరమూ చూడలేదు. అప్పటికి నాయనమ్మతో సహా అందరం నా పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాం.