పల్లవిలో నా విరుపు

నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు సంగీతం టీచరుగా చేశాను. ఒక్కదాన్నే ఉంటాను. ఒక ఏడాది వార్షికోత్సవానికి పిల్లల చేత మన వైపు పాట ఏదైనా పాడిద్దామనిపించింది. ఆగిరిపల్లి దగ్గర మామిడి తోటలో పనిచేసే ఒక పెద్దావిడ బాగా పాడుతుందంటే వెళ్లాను. బంగినపల్లి కాయలు గడ్డిలో పేరుస్తూ, చేతులు ఆపకుండానే నాకు పాట నేర్పింది. నాలుగు ఆదివారాలు పట్టింది.

పల్లవి బాగా పొడుగు. పిల్లలకి ఊపిరి అందేది కాదు. అందుకని మధ్యలో చిన్న విరుపు పెట్టి, అక్కణ్ణుంచి స్వరం మెల్లగా కిందికి దించాను. ఆవిడకి పాడి వినిపించాను.

"ఇది మా పాటలో లేదు టీచరుగారూ. బాగానే ఉందిలెండి," అంది.

కార్యక్రమం కాగితంలో మాత్రం 'సంప్రదాయ గీతం' అని రాశాను. నా పేరు వేసుకోవడానికి సిగ్గేసింది. ఆవిడ పేరు వెయ్యాలని అసలు తట్టనే లేదు. పిల్లలు పాడిన వీడియో ఆన్‌లైన్‌లో పెట్టాను.

కిందటి వేసవిలో ఆ వీడియో తీసేశారు. ఆ బాణీ హక్కులు ఒక ఆడియో కంపెనీవని మెసేజ్ వచ్చింది. వాళ్ల పాట వెతికి విన్నాను. వయొలిన్లు, డ్రమ్ములు కలిపారు. పల్లవి మధ్యలో నా విరుపు మాత్రం ఉన్నదున్నట్టు ఉంది.

తెలిసిన లాయరుగారికి ఫోన్ చేశాను.

"పాత పాట ఎవరి సొంతమూ కాదండి. దాంట్లో మీరు చేసిన మార్పు మీదని అడగొచ్చు. కాకపోతే కాగితంలో సంప్రదాయ గీతమని మీరే రాశారు కదా. ఆ మార్పు మీరే చేశారని చెప్పేవాళ్లు ఉన్నారా?" అన్నారు.

"ఒకావిడ ఉందండి."

మర్నాడే బస్సెక్కాను. ఆవిడ పోయి ఏడాదిన్నర అయిందట. కూతురు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. పాట సంగతి ఎత్తితే, తలొంచుకుని పాడింది. విరుపు అక్కడే ఉంది.

"ఇక్కడ ఆపడం ఎవరు నేర్పారమ్మా?"

"మా అమ్మేనండి. వాళ్లమ్మ కూడా ఇలాగే పాడేదట."

అది నాదని నోటిదాకా వచ్చింది. చెబితే వాళ్లమ్మ మాట అబద్ధమవుతుంది. మంచినీళ్లు తాగి లేచాను. ఆ రోజు తోటలో ఆవిడ 'ఇది మా పాటలో లేదు' అన్న మాట విన్నది నేనొక్కదాన్నే. తిరుగు బస్సులో దాన్ని ఎన్నిసార్లో గుర్తు చేసుకున్నాను. నిజంగా అలాగే అందా అని నాకే అనుమానమొచ్చింది.

సాక్షి లేదని లాయరుగారికి చెప్పాను. ఆయన సరేనన్నారు. ఇది జరిగినట్టు ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు కూడా.